ఊఁ కొట్టిన పాపం

మాఘ శుద్ధ విదియ

పరిశోధనలో ఉన్న ప్రతి నర్సూ రోజూ నాలుగు ముక్కలు రాయాలని డాక్టర్ హైమవతి గారి హుకుం. చూసింది రాయమన్నారు, చేసింది రాయమన్నారు. అనుకున్నది మాత్రం రాయొద్దన్నారు. నా పేరు ఎస్తేరు రాణి. ఏడో లంక ఆసుపత్రిలో బాలింతల నర్సుని. అనుకోకుండా ఉండడం నాకు చేతకాదు కాబట్టి చదివేవాళ్ళే సర్దుకోవాలి.

చర్చికి వెళ్ళేదాన్ని తిథి వేసి రాస్తున్నానని నవ్వకండి. పోటూ పాటూ తిథిని బట్టే వస్తాయి. తిథి తెలియనివాళ్ళకి ఇక్కడ పడవ అందదు.

ఈ పూట గాలి జోరుగా ఉంది. నీళ్ళ మీద తేలే లంక కదా, ఒక పక్కకి ఒరిగి మళ్ళీ సర్దుకుంటోంది. పసివాళ్ళని తూకంలో పడుకోబెడితే ముల్లు నిలవదు. రెండు అలల మధ్య ఊపిరి బిగబట్టి చూసుకోవాలి. నేల మీద పుట్టి పెరిగిన మా అమ్మకి ఇదంతా ఇప్పటికీ వింతే. ఇక్కడి తల్లులు ఉయ్యాల ఊపక్కర్లేదు, సముద్రమే ఊపుతుంది, ఇంకేం కావాలి మహారాణులకి అంటుంది.

ఏం కావాలో నాకు తెలుసు. వాళ్ళకి అమ్మ కావాలి. పూర్వం ఆడపిల్ల తొలిచూలు పురుటికి పుట్టింటికి వెళ్ళేదట. ఇప్పుడు ఎక్కడికి వెళ్తుంది? లంక మోయగలిగే బరువుకి లెక్క ఉంది. ఒక మనిషి రావాలంటే ఒక మనిషి వెళ్ళాలి. తల్లి ఒక లంకలో, కూతురు మరో లంకలో. ఒంటికి నూనె రాసే చెయ్యి లేక, పక్కన కూర్చుని ఊసులాడే మనిషి లేక, పచ్చి బాలింతలు గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. లేవమన్నా లేవరు, తినమన్నా తినరు, బిడ్డ ఏడుస్తున్నా చూడరు.

అందుకని హైమవతి గారు ఈ పని మొదలుపెట్టారు. సగం మంది బాలింతల ఇళ్ళల్లో ఉయ్యాల కొక్కేనికి కొబ్బరికాయంత డబ్బా ఒకటి వేలాడదీశాం. దాని పేరు పలుకు. తల్లి మాట్లాడితే వింటుంది, తిరిగి మాట్లాడుతుంది. మిగతా సగం మందికి డబ్బా లేదు, నేను వెళ్ళి చూసి రావడమే. దిగులులో పడకుండా ఎవరు నిలబడతారో చూడాలి.

ఆ డబ్బాలోని గొంతు నాది. చాలామంది గొంతులు వినిపిస్తే అన్ని లంకల ఆడవాళ్ళూ నాదే కావాలన్నారట. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు అంత మంచిదేం కాదని మా ఇంటాయన సాక్ష్యం చెప్తాడు, కానీ గొంతు మాత్రం మంచిదట. పొంగిపోయాను. పొగిడితే పొంగనివాళ్ళు ఎవరున్నారు?

నియమం ఒకటుంది. తల్లులు పలుకుతో చెప్పుకున్నది నర్సులు వినకూడదు. వింటే దాన్ని మనసులో పెట్టుకుని, తల్లి మనసు ఎలా ఉందో చెప్పే మార్కులు వేస్తాం. అందుకని ఆ మాటలన్నీ పని పూర్తయ్యేదాకా తాళంలో ఉంటాయి. ప్రాణం మీదికి వచ్చే మాట ఏదైనా వినిపిస్తే పలుకు ముందు తల్లితోనే అంటుంది, ఈ మాట నర్సుకి చెప్పమ్మా అని. ఆమె చెప్పలేదని తెలిస్తే తనే ఆసుపత్రిలో గంట కొడుతుంది. మొదటే గంట కొడితే తల్లులు భయపడి నోరు విప్పడం మానేస్తారని అలా పెట్టారు.

మాఘ శుద్ధ చవితి

చేపలమ్మే మెట్ల దగ్గర ఇవాళ కూడా అదే తంతు. నెలల బిడ్డని చంకనేసుకున్న ఒకామె చెయ్యి పట్టుకుని, "రాత్రి నువ్వు చెప్పినట్టే చేసేను సిస్టరూ, పిల్లోడు హాయిగా పడుకున్నాడు" అంది. నేనేం చెప్పానో నాకేం తెలుసు?

మొదట్లో దిద్దేదాన్ని. అది నేను కాదమ్మా, యంత్రం అనేదాన్ని. వాళ్ళకి తెలియక కాదు. పలుకుకి ఒప్పుకుని వేలిముద్ర వేసేటప్పుడే అంతా విడమరిచి చెప్పాం, అందరూ తలలూపారు. తెలియడం వేరు, నమ్మడం వేరు. తెల్లవార్లూ కష్టం సుఖం చెప్పుకున్న గొంతు పొద్దున్నే ఎదురొచ్చి "నువ్వెవరో నాకు తెలియదు" అంటే ఏ మనిషి తట్టుకుంటుంది? ఒకామె ముఖం అలా వాడిపోవడం కళ్ళారా చూశాక దిద్దడం మానేశాను. అయినా మనలో ఎవరు ఎవరితో "గుర్తు లేదు" అంటాం? పెళ్ళిలో ముక్కూ ముఖం తెలియనివాళ్ళు వచ్చి గుర్తున్నానా అంటే, అయ్యో గుర్తు లేకపోవడమేంటి అని నవ్వుతాం. అలాగే నేనూ ఊఁ కొడుతున్నాను.

మధ్యాహ్నం పుష్కరిణి ఇంటికి వెళ్ళాను. పుష్కరాల ఏడు పుట్టిందని ఆ పేరు పెట్టారట. సన్నగా, చీపురు పుల్లలా ఉంటుంది. మొదటి కాన్పు, ఆడపిల్ల. భర్త వీరబ్బాయి నాచుతోటల్లో పని, వెళ్తే నెల దాకా రాడు. అత్త అప్పాయమ్మ మంచి మనిషే, కానీ తెల్లవారిందంటే మంచినీళ్ళు పంచే పందిళ్ళ దగ్గర పనిలో ఉండాలి. కన్నతల్లి మూడో లంకలో ఉంది. ఇంట్లో ఆ పిల్లా, పసిపిల్లా, కొక్కేనికి నా గొంతూ.

పత్రంలో ఉన్న ప్రశ్నలు అడిగాను. నిద్ర పడుతోందా, ఆకలి ఉందా, ఏడుపొస్తోందా. అన్నిటికీ నవ్వి, "బానే ఉన్నానక్కా" అంది. మంచి మార్కులు వేశాను. లేచి వస్తుంటే కొంగు పట్టుకుంది.

"నిన్న చెప్పేను కదక్కా."

"ఆఁ, చెప్పేవుగా" అన్నాను.

"నీకేమీ అనిపించలేదా?"

"ఏమనిపిస్తుందే పిచ్చిదానా" అని బుగ్గ గిల్లి వచ్చేశాను. ఇంకా మూడిళ్ళు ఉన్నాయి, పాటు మొదలైతే పడవ ఇసుక మేటలో ఇరుక్కుంటుంది.

మాఘ శుద్ధ సప్తమి

పుష్కరిణి ఇంట్లో ఇవాళ మళ్ళీ.

పిల్లకి స్నానం చేయించడం చూపించమన్నాను. నీళ్ళు కాచింది, పీట వేసింది, కాళ్ళు చాపుకుని కూర్చుంది, పిల్లని మాత్రం నా చేతిలో పెట్టేసింది. "నువ్వే పొయ్యక్కా" అంది. పోశాను. పిల్ల కేర్ కేర్‌మంటుంటే ఆమె గుమ్మం దగ్గర నిలబడి చేతులు కొంగులో చుట్టుకుంది.

"అదేనక్కా నేను చెప్పింది. నీళ్ళు పోసేటప్పుడు. ఇంకా తగ్గలేదు."

పసిపిల్ల జారిపోతుందని భయం అనుకున్నాను. తొలిచూలు తల్లులందరికీ ఉండేదే. నాకూ ఉండేది. అసలు ఏం చెప్పావే అని అడగాలనిపించింది, నిజం. కానీ ఆ రోజు ఆఁ చెప్పేవుగా అన్న నోటితో ఇవాళ ఏం చెప్పావని ఎలా అడగను? సిగ్గేసింది.

"తెలుసమ్మా. అందరికీ ఉంటుంది. తగ్గిపోతుంది" అన్నాను.

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. "అందరికీనా?" అంది.

"అందరికీనే."

మాఘ శుద్ధ నవమి

మనసు బాగోలేదు. పొద్దున అప్పాయమ్మ మంచినీటి పందిరి కింద కనబడి, "సిస్టరుగోరూ, మా కోడలు పిల్లకి నీళ్ళు పొయ్యడం మానేసిందండి. పక్కింటి పిన్నిని పిలిచి పోయిస్తంది. అడిగితే ఎస్తేరక్కకి తెలుసంటంది. ఏంటండది?" అని అడిగింది.

నాకు తెలిస్తే కదా. "బాలింత కదండీ, నీరసం" అన్నాను. పైగా ఆమెని ఓదార్చి మరీ పంపాను.

హైమవతి గారిని తాళం తీయమని అడగొచ్చు. ఎందుకు అంటారు. ఎందుకో చెప్పాలంటే, వినని మాటని విన్నానని చెప్పానని ఒప్పుకోవాలి. లేదా నేరుగా పుష్కరిణి ఇంటికి వెళ్ళి, తల్లీ, నాకేం తెలియదు, మళ్ళీ చెప్పు అనాలి. వెళ్దామనే బయలుదేరాను. దారిలో ఒకామెకి కుట్లు చీము పట్టాయని పిలిచారు. హమ్మయ్య అనుకున్నాను. ఒకరి కుట్లు చీము పడితే హమ్మయ్య అనుకునే నర్సుని నేను.

ఆదివారం నాటికి వెళ్తాను. తప్పకుండా.

మాఘ శుద్ధ ఏకాదశి

ఆదివారం దాకా ఆగలేదు.

ఇంకో ఇంట్లో పిల్లాణ్ణి తూకం వేస్తుంటే పడమటి కట్ట వైపు నుంచి కేకలు వినబడ్డాయి. కట్ట అంటే లంక అంచు. అక్కడ మోకు కట్టి ఉంటుంది, దాన్ని దాటి ఎవరూ వెళ్ళకూడదు. పుష్కరిణి దాటింది. పిల్లని పక్కింటామె ఒళ్ళో పెట్టి, కాసేపు చూడు పిన్నీ అని చెప్పి, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని అంచు మీద కూర్చుంది. అడుగున నీళ్ళు మనిషిని లోపలికి లాగేసే చోటు. వల బాగుచేసుకుంటున్నవాళ్ళు చూసి చంకల కింద చేతులేసి వెనక్కి లాగారు.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి దుప్పటి కప్పి ఉంచారు. అప్పాయమ్మ గుండెలు బాదుకుంటోంది. పుష్కరిణి ఏడవడం లేదు. నన్ను చూసి, తప్పు చేసిన చిన్నపిల్లలా తల దించుకుని, "నీకు చెప్పేను కదక్కా" అంది.

నిందించలేదు. అదే చావొచ్చినంత పనైంది.

మాఘ శుద్ధ ద్వాదశి

తల్లీ పిల్లా ఆసుపత్రిలో ఉన్నారు. ఇద్దరూ క్షేమం. హైమవతి గారు తాళం తీయించి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. పుష్కరిణి గొంతు వినిపించింది.

"అక్కా, పిల్లకి నీళ్ళు పోస్తంటే చేతులు వదిలేయాలనిపిస్తంది. ఎందుకో తెలీదు. పిల్లంటే నాకు పేణం అక్కా. నా చేతుల్ని చూస్తే నాకే భయంగా ఉంది. నేను లేకపోతే పిల్ల బతికిపోద్దేమో."

తర్వాత నా గొంతు. "ఇది పైకి చెప్పడానికి చాలా ధైర్యం కావాలమ్మా. నువ్వు చెడ్డదానివి కాదు. ఇది పురుడు తర్వాత వచ్చే జబ్బు, దీనికి వైద్యం ఉంది. ఈ మాట నా దగ్గర ఆగిపోకూడదు. రేపు నర్సు వచ్చినప్పుడు చెప్పు."

"నీకే చెప్పేను కదా. మళ్ళీ నీకే చెప్పమంటావేంటి?"

"నేను పలుకుని. ఎస్తేరు వేరే మనిషి."

"సర్లే అక్కా" అని నవ్వింది పుష్కరిణి.

మర్నాటిది. నర్సుకి చెప్పావా అని నా గొంతు అడిగింది. "చెప్పేవుగా అన్నాది. తనకేమీ అనిపించలేదంట." సప్తమి నాటిది. "తెలుసంది. అందరికీ ఉంటుందంది. నీకూ ఉండేదా అక్కా?" డబ్బా ఏదో మంచిమాట చెప్పింది. నర్సుకి తెలిసింది కాబట్టి గంట కొట్టలేదు.

నా గొంతుతో నేను అనాల్సిన మాటలన్నీ అది అంది. నేను మాత్రం బుగ్గ గిల్లి వచ్చాను.

హైమవతి గారు కళ్ళజోడు తీసి, "ఆ అమ్మాయి యంత్రానికి అబద్ధం చెప్పినట్టుంది. భయపడి ఉంటుంది పాపం. నీతో అసలేమీ అనలేదు కదా, ఎస్తేరూ?" అని అడిగారు.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"గుర్తు లేదండీ" అన్నాను.

జన్మలో ఎవరితోనూ అనని ముక్క. అన్నది ఇవాళే, అదీ అబద్ధమే.

మాఘ శుద్ధ త్రయోదశి

నేను నోరు మూసుకుంటే ఆ పిల్ల కాగితాల మీద అబద్ధాలకోరు అవుతుంది. రేపు తన చేతులంటే భయమేస్తోందని మళ్ళీ చెప్తే ఎవరూ నమ్మరు. పొద్దున్నే హైమవతి గారి గదికి వెళ్ళి నిలబడే చెప్పేశాను. చేపల మెట్ల దగ్గర మొదలైన దగ్గర్నుంచి నిన్నటి "గుర్తు లేదు" దాకా అంతా.

ఆవిడ తిట్టలేదు. "నర్సుకి చెప్పానని తల్లి అంటే నర్సుని అడగకుండానే గంట ఆపేయమన్న నియమం రాసింది నేను. అది నా పాపం. నీది నీదే" అన్నారు. అప్పటికప్పుడు నియమం మార్చారు. ఇకనుంచి అలాంటి మాట వినబడగానే గంట మోగుతుంది, తల్లికి ఆ సంగతి ముందే చెప్తాం. ప్రస్తుతానికి కొత్త ఇళ్ళల్లో పలుకు పెట్టడం ఆపారు. పుష్కరిణి ఇంట్లోది విప్పి తెచ్చి బీరువాలో పెట్టారు.

"ఆమెకి చెప్తానండీ" అన్నాను.

"ఇప్పుడు కాదు. మందు పనిచేయనీ. నీ బరువు దించుకోడానికి ఆ అమ్మాయి నెత్తిన పెట్టకు."

అడుసు తొక్కాను, కాలు కడుక్కునే వీలు కూడా లేదు.

మాఘ బహుళ తదియ

మందు పనిచేస్తోంది. పుష్కరిణి నిద్రపోతోంది, నాలుగు ముద్దలు తింటోంది. అప్పాయమ్మకి పని నుంచి సెలవిచ్చారు, కోడలి పక్కనే ఉంటోంది. మా నర్సమ్మ ఒకావిడ పక్కన కూర్చుంటే పిల్లకి తానే నీళ్ళు పోసింది. చేతులు వణికాయి, కానీ పోసింది. నేను తలుపు సందులోంచి చూశాను, లోపలికి వెళ్ళడానికి ముఖం చెల్లలేదు.

సాయంత్రం తనే కబురు పెట్టింది. వెళ్ళాను. పక్క మంచం మీది ఆమెతో నన్ను చూపించి చెప్తోంది.

"ఈ అక్కకి అంతా ముందే తెలుసండి. నా మనసులో ఏముందో మొత్తం తెలుసు. తెలిసి కూడా చీదరించుకోలేదు. పిల్లని ముద్దాడింది, నా బుగ్గ గిల్లింది. నేను అంత పాపిష్టిదాన్నైతే అక్క అలా చేస్తదా?" తర్వాత నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "కట్ట మీద కూర్చున్నప్పుడు అదే తలుచుకున్నానక్కా. నేను దూకితే నీ మీదికొస్తది కదా, ముందే తెలిసి ఊరుకుందని. అందుకే దూకలేదు."

నేను ఏం చేశానో తెలుసా? ఆమె తల నిమిరాను. ఊఁ అన్నాను.

ఆ అబద్ధం గంటని ఆపింది. ఆ అబద్ధమే కట్ట మీద ఆ పిల్ల కాళ్ళనీ ఆపింది. దాన్ని ఉంచాలో పీకాలో ఆ దేవుడికే తెలియాలి.

మాఘ బహుళ అష్టమి

హైమవతి గారు పిలిచి, "ఇప్పుడు చెప్పొచ్చు. చెప్పకపోయినా నిన్నెవరూ అడగరు" అన్నారు.

అడగరు కాబట్టే కాళ్ళు కదల్లేదు. మధ్యాహ్నం దాకా సీసాలు తుడిచినవే తుడిచాను. చివరికి వెళ్ళాను. పుష్కరిణి పిల్లకి పాలిస్తోంది. అప్పాయమ్మని కాసేపు బయట కూర్చోమన్నాను.

"పుష్కరిణీ, ఒక మాట. నువ్వు డబ్బాతో చెప్పింది నేను వినలేదు. అది నేను కాదు. నువ్వు కొంగు పట్టుకుని అడిగిన రోజు నాకేమీ తెలియదు. తెలుసని ఊరికే అన్నాను. నీ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అన్నాను. రెండోసారి, అడిగితే సిగ్గుచేటని అన్నాను. కట్ట దగ్గర్నుంచి నిన్ను తెచ్చాకే నాకు తెలిసింది."

అర్థం కానట్టు చూసింది. "మరి అందరికీ ఉంటుందన్నావు?"

"పిల్ల జారుతుందని భయం అనుకున్నాను."

"బుగ్గ గిల్లేవు."

"ఏమీ తెలియకే గిల్లాను."

పిల్ల పాలు తాగడం ఆపి ఏడ్చింది. పుష్కరిణి పిల్లని భుజాన వేసుకుని వీపు తట్టింది, చేతులు వణకలేదు. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అంటే ఎవరికీ తెలీదన్నమాట" అంది. "నాకొక్కదానికే తెలుసన్నమాట."

"ఇప్పుడు చెప్పమ్మా. నేనే వింటాను."

"మీరెళ్ళండి సిస్టరుగారూ" అంది. ఇన్నాళ్ళూ అక్కా అన్న పిల్ల.

వెళ్ళాను. అయినా భయం భయంగా ఆ పూటంతా ఆమె గదిలోంచి ఒక మనిషి కదలకుండా కాపలా పెట్టించాను. హైమవతి గారు సాయంత్రం చూసి వచ్చి, "కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. దిగులు కంటే కోపం నయం" అన్నారు. నయమన్న మాట మీద నాకు నమ్మకం కుదరలేదు.

మాఘ బహుళ ఏకాదశి

రెండు రోజులుగా నేను ఆ గదిలోకి వెళ్ళలేదు. మిగతా ఇళ్ళకి వెళ్తున్నాను. చేపల మెట్ల దగ్గర నెలల బిడ్డ తల్లి మళ్ళీ ఎదురై, నిన్న నువ్వన్నది నిజమే సిస్టరూ అంది. నేనేమన్నానో నాకు తెలియదమ్మా, అది డబ్బా, నాకు మొదట్నుంచీ చెప్పు అన్నాను. ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయింది. వెళ్ళనీ.

ఇవాళ అప్పాయమ్మ వచ్చింది. "కోడలు ఆ డబ్బా కావాలంటందండి. సిస్టరుగోర్నే తెమ్మంది."

"డబ్బా ఎందుకండీ? మనుషులం ఇంతమందిమి ఉన్నాం కదా" అన్నాను.

"అడిగేనండి. అదొక్కటే విన్నాదంట."

హైమవతి గారు బీరువా తాళం ఇచ్చారు. కొబ్బరికాయంత డబ్బా, నా రెండు చేతుల్లో పెట్టుకుని వసారా పొడుగునా నడిచాను. నా గొంతుని నేనే మోసుకెళ్ళి ఇంకొకరికి ఇవ్వడం, ఆ గొంతు నాకంటే మంచి మనిషని ఒప్పుకోవడం, ఈ గతి లంకలో ఇంకెవరికీ రాకూడదు.

పుష్కరిణి మంచం మీద కూర్చుని ఉంది. పిల్ల పడుకుంది. ఉయ్యాల కొక్కేనికి డబ్బా తగిలించి, వెనక్కి తిరిగాను.

"ఎక్కడికి?" అంది.

ఆగాను.

"ఆ స్టూలు మీద కూర్చోండి. దానికి మొత్తం చెప్తాను, మొదట్నుంచీ. మీరు వినండి. మధ్యలో తెలుసనకండి. తగ్గిపోతుందనకండి. ఊఁ కూడా కొట్టకండి."

కూర్చున్నాను.

పుష్కరిణి డబ్బాని తట్టింది. "అక్కా" అంది.

"చెప్పమ్మా" అంది నా గొంతు కొక్కేనికి వేలాడుతూ.

పుష్కరిణి దానివైపు చూడలేదు. నా కళ్ళల్లోకి చూస్తూ మొదలుపెట్టింది.